రంపం బావది, షెడ్డు బామ్మర్దిది

కుళాయికి రబ్బరు వాషరు కొనుక్కొస్తానని హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళిన మనిషి, ఇద్దరు మోస్తే గానీ కదలని పెట్టెతో తిరిగొస్తే ఏ ఇల్లాలికైనా గుండె గుభేలుమంటుంది. అక్కకీ గుభేలుమంది. తలుపు తీసి, పెట్టెని చూసి, పెట్టె వెనక చెమటలు కక్కుతున్న మొగుణ్ణి చూసి, "వాషరు తెచ్చారా?" అని మాత్రం అడిగింది.

"లక్కీ డ్రాలో ఫస్టు ప్రైజు కొట్టాను. అది అడగవేం?" అన్నాడు బావ.

"కొట్టారు, కనపడుతూనే ఉంది. వాషరు తెచ్చారా?"

తేలేదు. కుళాయి ఆ రాత్రి కూడా టప్ టప్ మంటూనే ఉంది.

ఆవిడ తమ్ముడి నోట విని విని, వీధి చివర ఇస్త్రీ బండివాడి దాకా అందరికీ ఆవిడ అక్క, ఆయన బావ అయిపోయారు. బావ సిటీ బస్సు డ్రైవరు. అక్క ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పెట్టెలో ఉన్నది మైటర్ రంపం. ఇనప పళ్ళెం మీద బిగించిన గుండ్రటి కరెంటు రంపం అది. పిడి పట్టుకుని కిందికి దించితే ఎంతటి కర్రనైనా అడ్డంగా కోసేస్తుంది. కాస్త పక్కకి తిప్పి దించితే, ఫొటో ఫ్రేము మూలలు అతుక్కోవడానికి కావలసినట్టు ఏటవాలుగానూ కోస్తుంది. బావకి పుట్టి బుద్ధెరిగాక ఏ పోటీలోనూ ఒక సబ్బు పెట్టె కూడా రాలేదు. అందుకని ఆ రంపాన్ని ఆయన తన ప్రతిభకి ఆలస్యంగా దక్కిన గౌరవంలా చూసుకున్నాడు.

వాళ్ళుండేది అపార్టుమెంటులో. ఒక సెలవు రోజు పొద్దున్న రంపాన్ని బాల్కనీలో పెట్టి, కోయడానికి వేరే ఏమీ దొరక్క చీపురుకర్ర కోశాడు. కర్ర రెండు ముక్కలు కావడానికి ఎంతసేపు పట్టిందో, పైవాళ్ళూ కిందవాళ్ళూ పక్కవాళ్ళూ తలుపు దగ్గర ప్రత్యక్షం కావడానికీ అంతే పట్టింది. ఆ తరవాత రంపం పెట్టెలోకీ, పెట్టె భోజనాల బల్ల కిందకీ వెళ్ళిపోయాయి. అన్నానికి కూర్చున్నప్పుడల్లా అక్క మోకాలు ఆ పెట్టె మూలకి కొట్టుకునేది.

"ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది ఒకరోజు మోకాలు రుద్దుకుంటూ.

బావ ఆలోచనలో పడ్డాడు. ఆయన అంతసేపు ఆలోచించడం అక్కకి నచ్చలేదు.

దారి చూపించింది తమ్ముడే. తమ్ముడికి బజార్లో కళ్ళద్దాల షాపు ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు కూడా ఉంది. అందులో ఒక మూల బట్టలుతికే మిషను, మిగతా అంతా తమ్ముడి చెక్కపని సరంజామా. షాపు మూసి ఇంటికొచ్చాక ఆ షెడ్డులో దూరి పీటలూ, అరలూ, ఫ్రేములూ చేయడం అతని సరదా. చేత్తో కోసి కోసి అతని భుజం పట్టేసింది. మంచి రంపం ఒకటి కావాలని ఏళ్ళుగా అనుకుంటున్నాడు. ఇక్కడేమో రంపముంది, చోటు లేదు. అక్కడ చోటుంది, రంపం లేదు.

"ఇంతకన్నా మంచి సంబంధం దొరకదు బావా. పిల్ల మీది, ఇల్లు మాది" అన్నాడు తమ్ముడు.

"కన్యాశుల్కం ఏమిస్తావ్?" అన్నాడు బావ నవ్వుతూ.

"బల్ల కట్టిద్దాం. రంపాన్ని నేల మీద పెట్టి వంగి కోస్తే నడుమూ పోతుంది, వేళ్ళూ పోతాయి. మంచి బల్ల, కింద సొరుగులు. ఇద్దరం కలిసి చేద్దాం."

ఆ సాయంత్రమే తమ్ముడు గళ్ళ కాగితం మీద బొమ్మ గీశాడు. మూడు చెక్కపెట్టెలు పక్కపక్కన. నడిమిది పొట్టిది, దాని మీద రంపం కూర్చుంటుంది. అటూ ఇటూ ఉన్నవి ఎత్తైనవి, ఒకటి పొడుగ్గా, ఒకటి కురచగా. వాటిని రెక్కలు అనుకున్నారు. రెక్కల పైభాగమూ రంపం పళ్ళెమూ ఒకే మట్టానికి రావాలి, అప్పుడే పొడుగు చెక్క వాలకుండా, వంగకుండా సమంగా పడుకుంటుంది. కింద తమ్ముడికి స్క్రూలకో సొరుగు, మేకులకో సొరుగు, గరుకు కాగితాలకో సొరుగు, ప్రతి సొరుగు మీదా చీటీ. బావ అడిగింది ఒక్కటే, కోయగా మిగిలిన ముక్కలు వేసుకోవడానికి పెద్ద తొట్టి. బావ చెక్కముక్క పారేయడు. అగ్గిపుల్లంత ముక్కైనా సరే, "ఎందుకైనా పనికొస్తుంది" అంటాడు.

తమ్ముడి భార్య ఆ బొమ్మ వంక చూసి, "ఇందులో నాకేం సొరుగు లేదా?" అని అడిగింది. మగవాళ్ళిద్దరూ ఆ ప్రశ్న వినలేదు.

ప్లైవుడ్డు కొన్నారు. షాపులోనే కొలతలిచ్చి కోయించుకొచ్చారు. అంతవరకూ పాలూ నీళ్ళూలా ఉన్నారు. గొడవ మొదలైంది రెక్కల దగ్గర.

"పొడుగు రెక్క ఎడమవైపు" అన్నాడు తమ్ముడు.

"కుడివైపు" అన్నాడు బావ.

నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయముంది. తమ్ముడిది కుడిచేతి వాటం. కుడిచేత్తో పిడి పట్టుకుని ఎడమచేత్తో చెక్క అదిమిపెట్టాలి, కనక పొడుగు చెక్క ఎడమవైపు ఉంటే సుఖం. బావది ఎడమచేతి వాటం. ఆయనకి అంతా తిరగేసి కావాలి.

"లోకంలో అందరూ ఎడమవైపే పెట్టుకుంటారు బావా."

"లోకం వచ్చి కోస్తుందా ఇక్కడ?"

"షెడ్డు నాది కదా."

"రంపం నాది కదరా."

అక్కడితో ఆగితే గోటితో పోయేది. ఆగలేదు. గాజుముక్కలు అరగదీసుకునేవాడికి చెక్కపని ఏం తెలుస్తుందని బావ అన్నాడు. స్టాపు స్టాపుకీ ఆగుతూ పోయేవాళ్ళకి ఏ పనైనా తిన్నగా ఎలా సాగుతుందని తమ్ముడు అన్నాడు. బావ చేతిలో టేపు కింద పెట్టి, చొక్కా దులుపుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గేటు మాత్రం జాగ్రత్తగా మూశాడు. కోపం ఎంతున్నా గేటు తమ్ముడిది కాదు, మరదలు రంగు వేయించింది.

మాటలు బందయ్యాయి గానీ పని బందవలేదు. అదే అసలు తంటా. ప్లైవుడ్డు కోసి ఉంది, రంపం భోజనాల బల్ల కింద ఉంది, ఇద్దరికీ కొత్త బల్ల కావాలి. సెలవు దొరికినప్పుడల్లా బావ షెడ్డుకి వచ్చేవాడు. తను ఒక పెట్టె బిగించేవాడు, తమ్ముడు ఇంకో పెట్టె బిగించేవాడు. ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ, మధ్యలో అక్కని నిలబెట్టుకుని మాట్లాడేవాళ్ళు.

"నీ తమ్ముడికి చెప్పు, ఆ మూలమట్టం ఇటివ్వమని."

"మీ ఆయనగారికి చెప్పక్కా, అది వారి మోచెయ్యి పక్కనే ఉంది."

మామూలు రోజుల్లో తమ్ముడు చనువుకొద్దీ బావని నువ్వనేవాడు. కోపం వచ్చాక వారూ వీరూ అయింది. బావేమో బామ్మర్ది అనడం మానేసి 'షెడ్డు ఓనరుగారు' అనడం మొదలుపెట్టాడు. అక్క పని అడకత్తెరలో పోకచెక్కే. మోకాలి మీద మచ్చ గుర్తొచ్చినప్పుడల్లా ఓపిక పట్టేది. ఆ పెట్టె ఇంట్లోంచి కదలాలంటే ఈ బల్ల పూర్తి కావాలి.

పైగా మాటలు మోయడం ఆవిడకి కొత్తేమీ కాదు. పళ్ళ డాక్టరు లోపల్నించి "ఈ మనిషి మళ్ళీ వచ్చాడా, వారం రోజులు తోముకోకుండా వచ్చుంటాడు" అని విసుక్కుంటే, ఆవిడ బయటికొచ్చి "డాక్టరుగారు మిమ్మల్ని కాసేపు కూర్చోమన్నారండీ" అని చెబుతుంది. "ఇంకెంతసేపమ్మా, ముసలివాణ్ణయిపోతున్నాను" అని ఆ మనిషి చిరాకుపడితే, లోపలికెళ్ళి "పాపం ఓపిగ్గా కూర్చున్నారు సార్" అంటుంది. ముల్లు తీసేసి చేప పెట్టడం ఆవిడకి చేతనైన విద్య. ఇంట్లో కూడా అదే చేసింది.

"అడుగు నీ తమ్ముణ్ణి, ఆ సొరుగుకి రెండువైపులా పట్టాలు సమంగా బిగించాడా, లేకపోతే కళ్ళద్దాలకి పెట్టినట్టు ముక్కు మీద పెట్టి వదిలేశాడా అని" అని బావ అంటే, అక్క నాలుగడుగులు వేసి తమ్ముడి దగ్గరికెళ్ళి, "సొరుగు పట్టాలు సమంగా వచ్చాయా అని అడుగుతున్నారు బావ. నీ చెయ్యి మంచిదట" అనేది.

"బావ అన్నాడా ఆ మాట?"

"మరి నేనంటానా?"

తమ్ముడు కాసేపు స్క్రూ బిగించడం ఆపి, "వచ్చాయని చెప్పు. బస్సు ఎక్కించి గతుకుల రోడ్డు మీద తిప్పినా కదలవని చెప్పు, వారి డ్రైవింగు నాకు తెలుసు కనక" అనేవాడు.

అక్క వెనక్కి నాలుగడుగులు వేసి, "వచ్చాయటండీ. గట్టిగా ఉండాలని మిమ్మల్నే తలుచుకుని బిగించాడట" అనేది.

షెడ్డు నాలుగంగల్లో దాటే గది కాబట్టి ఎవరేమన్నారో ఇద్దరికీ వినపడాలి కదా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. మూలనున్న బట్టల మిషను తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. మరదలు ఆ మిషను ఆపదు. ఆడపడుచు మీద ప్రేమకొద్దీ ఉతికినవే మళ్ళీ ఉతికేది.

"వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోతేనే నయం వదినా. ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఎప్పుడుంది?" అనేది మరదలు టీ కప్పులు పట్టుకొచ్చి.

"నీకు ప్రశాంతం. నా కాళ్ళు పోతున్నాయి" అనేది అక్క.

అక్క ఊహించనిది ఒకటి జరిగింది. తను ఇంత తీపి పూసి మాటలు చేరవేస్తోంది కదా, ఇవాళో రేపో కరిగిపోయి ఇద్దరూ కలిసిపోతారనుకుంది. కరిగారు. కానీ కదల్లేదు. 'నన్ను ఇంతగా మెచ్చుకుంటున్నాడు కదా, పశ్చాత్తాపం పడ్డాడన్నమాట. అయితే తనే వచ్చి ముందు మాట్లాడాలి' అని బావ కూర్చున్నాడు. సరిగ్గా అలాగే తమ్ముడూ కూర్చున్నాడు. తిట్లు తిట్లుగా చేరి ఉంటే ఎప్పుడో జుట్లు పట్టుకుని, ఆ ఊపులోనే కలిసిపోయేవాళ్ళు. పొగడ్తలు చేరి ఇద్దరూ సింహాసనాలెక్కారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తమ్ముడు షెడ్డు నించి అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, నడిమి పెట్టెకి రంపం కూర్చునే అర బిగిస్తున్నాను. కింద నించి పళ్ళెం పైదాకా రంపం ఎత్తెంతో కొలిచి చెప్పమను మీ ఆయనగారిని."

బావ భోజనాల బల్ల కింద దూరి, పెట్టె తెరిచి, టేపు పెట్టి కొలిచాడు. బల్ల కింద నించే అన్నాడు, "తొమ్మిది సెంటీమీటర్లు అని చెప్పు. కింద రబ్బరు కాళ్ళున్నాయి, అవి వేరే. వాటికింకో రెండు కలుపుకోమను. కలపడమైనా వచ్చా, లేక దానికి కూడా గళ్ళ కాగితం కావాలా అని అడుగు ఆ షెడ్డు ఓనరుగారిని."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అక్క ఒక చేత్తో పొయ్యి కట్టేస్తూ ఇంకో చేత్తో ఫోను చెవికి పెట్టుకుంది. తిట్టు ఎక్కడ మొదలైందో అక్కడికి కత్తిరించేద్దామని చూసింది. ఆవిడ కత్తెర కాస్త ముందే పడింది.

"తొమ్మిది సెంటీమీటర్లట తమ్ముడూ. నీ గళ్ళ కాగితం చూస్తే ముచ్చటేస్తుందన్నారు" అంది.

పెట్టెలు బిగించడమైంది. సొరుగులు పెట్టారు. రెక్కలు ఎటు అనే ప్రశ్న మళ్ళీ వచ్చినప్పుడు బావ, "ఎటు పెట్టుకుంటాడో పెట్టుకోమను, షెడ్డు ఆయనది, నేనెవణ్ణి" అన్నాడు. అక్క దాన్ని "నీ ఇష్టమన్నారు" అని చేరవేసింది. పొడుగు రెక్క ఎడమవైపుకే ఖాయమైంది.

బల్ల నిలబెట్టే రోజు బావ డిపోలో స్నేహితుడి ట్రాలీ ఆటోలో రంపం తీసుకొచ్చాడు. ముందు, పెరట్లో రంగు ఆరుతున్న పొడుగు రెక్కని షెడ్డులోకి మోయాలి. ఒక చివర బావ, ఇంకో చివర తమ్ముడు. గుమ్మం దగ్గర అక్క.

"కాస్త ఎడమకి తిప్పమని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు.

"ఎవరి ఎడమో అడుగు" అన్నాడు బావ.

"నీ ఎడమా, ఆయన ఎడమా?" అంది అక్క.

"గుమ్మం ఎడమ."

"గుమ్మానికి ఎడమేమిటి, లోపల్నించా, బయట్నించా అని అడుగు" అన్నాడు బావ. బరువుకి ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"ముందు కింద పెట్టండి, తరవాత అడుగుతాను" అంది అక్క. పెట్టమని ఇద్దరికీ విడివిడిగా చెప్పాల్సొచ్చింది. తమ్ముడికి ముందు చెప్పింది, బావకి తరవాత చెప్పింది. ఆ మధ్యలో బావ బొటనవేలు గుమ్మానికీ పెట్టెకీ నడుమ నలిగింది. బావ నోట వచ్చిన మాటని ఎవరికీ చేరవేయాల్సిన అవసరం లేకపోయింది. ఆ రోజు బట్టల మిషను తిరగడం లేదు.

ఎలాగైతేనేం, మూడు పెట్టెలూ పక్కపక్కన గోడకి ఆనించి నిలబెట్టారు. తమ్ముడు రసమట్టం పెట్టి చూశాడు. గాజుగొట్టంలో బుడగ సరిగ్గా నడిమికొచ్చి ఆగింది. కొత్త చెక్క వాసన, రంగు వాసన. సొరుగులు వేలితో తోస్తే మెత్తగా లోపలికెళ్ళిపోతున్నాయి. ఇద్దరి ముఖాల్లోనూ సంతోషం తన్నుకొస్తోంది, ఒకరికి కనపడకుండా ఇంకొకరు దాచుకుంటున్నారు. ఇద్దరూ కలిసి రంపాన్ని ఎత్తి నడిమి పెట్టె మీద పెట్టారు. తమ్ముడు ఒక పొడుగాటి బద్ద తీసుకుని ఎడమ రెక్క మీద నించి రంపం పళ్ళెం మీదికి తోశాడు. బద్ద వెళ్ళి పళ్ళేనికి టక్కున కొట్టుకుని ఆగిపోయింది.

రంపం రెక్కల కంటే ఎత్తుగా ఉంది. తమ్ముడు టేపు తీశాడు. రెండు సెంటీమీటర్లు.

తమ్ముడు టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

"అక్కా, మీ ఆయనగారిని అడుగు. తొమ్మిది అని చెప్పింది ఎవరో."

"తొమ్మిదే. కాళ్ళకి రెండు కలపమన్నాను. నీ తమ్ముణ్ణి అడుగు, చెవుల్లో ఏం పెట్టుకున్నాడో."

"కాళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదని చెప్పు."

"చెప్పానని చెప్పు."

"చెప్పలేదని చెప్పు."

అక్క అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఒక్కసారిగా ఆవిడకి పొంగుతున్న పాలు గుర్తొచ్చాయి. చెవికి పెట్టుకున్న ఫోను గుర్తొచ్చింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటూ జీవితాంతం బతికేస్తారు. కానీ బావ కళ్ళు చూస్తే ఆవిడకి జాలేసింది. తను చెప్పింది నిజమే అయినా ఎవరూ నమ్మనప్పుడు చిన్నపిల్లలు చూసినట్టు చూస్తున్నాడు.

పక్కనున్న పీట లాక్కుని కూర్చుంది.

"తప్పు నాది. ఆయన చెప్పారు. నేనే చెప్పలేదు. తిట్టు తీసేయబోయి రెండు సెంటీమీటర్లు కూడా తీసేశాను" అంది.

"ఏం తిట్టు?" అన్నాడు తమ్ముడు.

"కలపడమైనా వచ్చా, దానికీ గళ్ళ కాగితం కావాలా అని."

"ముచ్చటేసిందన్నావు కదా?"

"అది నేను వేశాను."

తమ్ముడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మరి నా చెయ్యి మంచిదన్నది?"

"అదీ నేనే. ఆయనన్నది, కళ్ళద్దాలకి పెట్టినట్టు ముక్కు మీద పెట్టి వదిలేశావా అని."

బావ ఫక్కున నవ్వబోయి, ఏదో అనుమానం వచ్చి ఆగాడు. "ఉండు. మరి నన్ను తలుచుకుని గట్టిగా బిగించాడన్నావే?"

"మీ బస్సు ఎక్కించి గతుకుల్లో తిప్పినా కదలవన్నాడు, మీ డ్రైవింగు తెలుసు కనక అని." అక్క ఇంక ఆగలేదు. ఇన్నాళ్ళూ మింగినవన్నీ ఒక్కొక్కటీ బయటపెట్టింది. ఎవరు ఎవర్ని ఎప్పుడు ఏమన్నారో, దాన్ని తను ఏం చేసి చెప్పిందో, పూసగుచ్చినట్టు అప్పజెప్పింది. చివరికి, "నాకు గొంతు పోయింది. ఈ క్షణం నించి ఎవరి మాట వాళ్ళే మోసుకోండి" అని చేతులు కట్టుకుంది.

బావ తమ్ముడి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి సూటిగా చూశాడు.

"నా డ్రైవింగుకేంరా? ఇన్నేళ్ళలో ఒక్క గీత పడలేదు నా బస్సుకి."

"బస్సుకి పడలేదు బావా. లోపలున్నవాళ్ళ సంగతి నేనంటున్నాను. ఆ రోజు నీ బస్సులో నిలబడి వస్తే నా కళ్ళజోడు ఎవరి సంచిలోకి పోయిందో ఇప్పటికీ తెలియదు."

"గట్టిగా పట్టుకోవాలి మరి. కళ్ళజోళ్ళు అమ్మేవాడివి, నీ కళ్ళజోడు నువ్వు పట్టుకోలేవా?"

"పట్టుకుందామంటే చేతిలో అక్క పంపించిన గిన్నె ఉంది."

అలా మొదలై, ఎవరి తిట్టు ఎక్కువ పదునుగా ఉందో పోల్చుకునే దాకా వెళ్ళింది. ముక్కు మీద పెట్టి వదిలేయడం బావుందని తమ్ముడే ఒప్పుకున్నాడు. గతుకుల రోడ్డు మాట తనకి తగిలిందని బావ ఒప్పుకున్నాడు. మరదలు వచ్చి గుమ్మంలో నిలబడి, "అయిపోయిందా ప్రశాంతం?" అంది దిగులుగా.

"కాళ్ళు ఊడదీసేస్తే సరిపోతుందా బావా?" అన్నాడు తమ్ముడు రంపం కిందికి వంగి చూస్తూ.

"వద్దు. రబ్బరు లేకపోతే అదురు మొత్తం బల్లకెక్కుతుంది. అరనే దించాలి."

"దించుదాం. ముందొకసారి కోసి చూద్దాం, ఎలాగూ పెట్టాం కదా. నువ్వే కొయ్యి, రంపం నీది."

బావ చెక్కని పొడుగు రెక్క మీద పడుకోబెట్టాడు. రెక్కకీ పళ్ళేనికీ తేడా పోయేలా కింద అట్టలు సర్దాడు. ఎడమచేత్తో పిడి పట్టుకున్నాడు. చెక్క ఎడమవైపే ఉంది, పట్టుకోవాల్సింది కుడిచెయ్యి. కుడిచేతిని ఎడమచేతి కిందనించి దూర్చి, రంపం పళ్ళకి దగ్గరగా చెక్కని అదిమాడు. చేతులు రెండూ తాడు పేనినట్టు మెలిపడ్డాయి. అయినా ఆయన ఏమీ అనలేదు. ఇష్టమొచ్చినట్టు పెట్టుకోమన్నది తనే కదా.

"బావా, ఆగు" అని తమ్ముడు ఒక్క అంగలో వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

"ఏమైందిరా?"

"చేతులు చూసుకో ఎలా పెట్టావో. ఒక్కసారి జారితే?" ప్లగ్గు ఇంకా తమ్ముడి చేతిలోనే ఉంది. "కాగితం మీద గీసినప్పుడు నాకిది కనపడలేదు. కుడి ఎడమలంటే ఏదో పట్టుదల అనుకున్నాను. ఎలాగూ అర దించడానికి పెట్టెలు ఇవతలికి లాగాలి. పొడుగు రెక్క కుడివైపుకి మార్చేద్దాం."

బావ చేతులు విడదీసుకుని చూసుకున్నాడు. తరవాత తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. అప్పుడు నీ చేతులు ఇలాగే మెలిపడతాయి. రోజూ కోసేవాడివి నువ్వు. నేను సెలవు రోజు వచ్చేవాణ్ణి. ఎడమవైపే ఉంచు."

"నేను అలవాటు చేసుకుంటాను బావా."

"నేనూ చేసుకుంటాను."

"నువ్వు పెద్దవాడివి, ఇప్పుడేం అలవాటు చేసుకుంటావు?"

"ఎవర్రా పెద్దవాడు? ఎడమచేత్తో గేరు మారుస్తూ, కుడిచేత్తో స్టీరింగు తిప్పుతూ, అద్దంలో వెనక చూసేవాణ్ణి, ఇది నాకొక లెక్కా?"

"అక్కా, బావకి చెప్పు, కుడివైపే పెడుతున్నామని."

"ఇదిగో, నీ తమ్ముడికి చెప్పు, ఎడమవైపే ఉంటుందని."

అక్క పీట మీంచి లేచింది. మరదలి భుజం మీద చెయ్యేసి, "పదమ్మా, అలా బజారుకెళ్ళొద్దాం. మా ఇంటి కుళాయికి వాషరు కూడా కొనాలి" అంది. వెనక్కి చూడకుండా ఇద్దరూ గేటు దాటారు.

నింపాదిగా తిరిగారు. చెప్పులు చూశారు, కొనలేదు. దుప్పట్లు చూశారు, ఒకటి కొన్నారు. వాషరు కొట్టులో కొత్త లక్కీ డ్రా డబ్బా పెట్టి ఉంటే అక్క చీటీ రాయనని ఖండితంగా చెప్పేసింది. పొద్దు వాలాక తిరిగొచ్చేసరికి షెడ్డులోంచి రంపం చప్పుడూ, మధ్యమధ్య ఇద్దరి గొంతులూ వినపడుతున్నాయి.

పొడుగు రెక్క కుడివైపుకి మారింది. బామ్మర్ది పంతమే నెగ్గిందన్నమాట, అంటే బావ మొదట కోరిందే జరిగింది. ఎలా ఒప్పుకున్నారని అక్క అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. బల్ల మాత్రం చూడముచ్చటగా ఉంది. ఆ చివర నించి ఈ చివరకి అరచెయ్యి జరిపితే ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు, రెక్క ఎక్కడ ముగిసి పళ్ళెం ఎక్కడ మొదలైందో తెలియలేదు. తమ్ముడు కుడిచేత్తో కోస్తున్నాడు, పొడుగు చెక్క జారకుండా అటు చివర బావ పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి జుట్టూ రంపప్పొట్టుతో తెల్లగా అయిపోయింది. ముక్కల తొట్టి అప్పుడే సగం నిండింది.

"కొంచెం ఇటు జరుపు బావా. చాలు. చాలన్నాను కదా."

"చాలన్నాక నేను జరపలేదు, నువ్వు తోశావు."

చప్పుడు ఆగాక మరదలు లోపలికెళ్ళి, బట్టల మిషనుకి దగ్గరగా ఉన్న కింది సొరుగు లాగి చూసింది. ఖాళీగా ఉంది, చీటీ ఇంకా అంటించలేదు. ఇంట్లోకెళ్ళి బట్టలకి పెట్టే క్లిప్పుల బుట్ట తెచ్చి అందులో బోర్లించింది. గలగలా చప్పుడైంది.

"అది డ్రిల్లు బిట్లకి" అన్నారు బావా తమ్ముడూ ఒకేసారి.

"ఇప్పుడు క్లిప్పులకి" అని మరదలు మోకాలితో సొరుగు మూసేసింది. అది మెత్తగా, ఎక్కడా పట్టకుండా లోపలికెళ్ళిపోయింది. పట్టాలు సమంగా ఉన్నాయి.